మబ్బు కనిపించును, వాన కురియదు

ఆషాఢమున మేఘములు పడమటినుండి వచ్చుచునే యుండును. అనంతపురము రైతు విత్తిన వేరుసెనగ చేనిపై మాత్రము తరచు చినుకైన రాలదు. దైవమును నిందించుటకు ముందు పడమటి కనుమలను చూడవలెను.

అరేబియా సముద్రజలము ఎండకు ఆవిరియై, నైరృతి పవనములతో వచ్చి, కనుమలు అడ్డగింపగా పైకెగయును. ఎత్తునకు పోయినకొలది గాలి వ్యాకోచించి చల్లబడును. అప్పుడు ఆవిరి, కంటికి కానరాని ధూళికణముల చుట్టును, ఉప్పురేణువుల చుట్టును చేరి బిందువులగును. ఒక్క బిందువునకు నేలను చేరు బరువెక్కడిది? అనేక బిందువులు కూడినగాని చినుకు కాదు. కనుమల అంచుననున్న కర్ణాటకములోని ఆగుంబెలో ఏటా 7000 మిల్లీమీటర్లకు పైగా కురియుట ఇందువలననే.

కనుమ దాటి దిగిన గాలి ఒత్తిడికి లోనై వేడెక్కును. ఆ వేడికి మబ్బు పలుచనై విచ్చిపోవును. అనంతపురమునకు ఏడాదికి దక్కునది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోను కొంత, ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమునుండి వచ్చు ఈశాన్య పవనములు తెచ్చునదే.