గుమ్మం మార్చిన రాత్రి

మా చిన్నాయనకు కోయంబత్తూరులో పంపుసెట్ల విడిభాగాల దుకాణం ఉంది. బేరింగులు, సీళ్ళు, ఇంపెల్లర్లు, కెపాసిటర్లు ఎనిమిది బీరువాల నిండా ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల మెకానిక్కులు తెల్లారి ఏడింటికే వచ్చి నిలబడతారు. వాళ్ళతో అరవం, ఇంట్లో తెలుగు, లెక్కల పుస్తకంలో ఇంగ్లీషు. ఆ లెక్కల పుస్తకం కంప్యూటరులోకి ఎక్కి చాలా ఏళ్ళయింది. నేను బెంగుళూరులో సర్వర్ల పనిలో ఉన్నాను గనుక, దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి.

ఆయన వాడేది ఒక చిన్న కంపెనీ రాసిచ్చిన బిల్లుల సాఫ్ట్‌వేరు. పని బాగానే చేస్తుంది. ఒక్కటే పేచీ. దాని లైసెన్సు కంప్యూటరులోని నెట్‌వర్క్ కార్డు నంబరుతో ముడిపడి ఉంటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ పన్నెండు అక్షరాంకెల నంబరు ఒకటి ఉంటుంది. మ్యాక్ అడ్రసు అంటారు. ఆ నంబరు కనిపిస్తేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది, లేకపోతే గడప దగ్గరే ఆపేస్తుంది. కంప్యూటరు మారితే కంపెనీకి ఫోను చేసి కొత్త లైసెన్సు తెప్పించుకోవాలి. 2021లో ఆ కంపెనీయే మూతపడింది. ఇక ఫోను చేయడానికి ఎవరూ లేరు. లెక్కలన్నీ ఆ సాఫ్ట్‌వేరు ఒక్కదానికే అర్థమయ్యే రూపంలో ఉన్నాయి. అది తెరుచుకోకపోతే ఎవరు ఎంత బాకీయో చెప్పేవాళ్ళు లేరు.

మమ్మల్ని కాపాడింది 2019లో చేసిన ఒక పని. అప్పుడు దుకాణంలో మూలనున్న పాత కంప్యూటరును తీసేసి, అమెజాన్ వాళ్ళ ముంబయి కేంద్రంలో ఒక సర్వరును అద్దెకు తీసుకున్నాం. క్లౌడ్ అంటారు గానీ మబ్బూ లేదు, మెరుపూ లేదు. ముంబయిలో పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. ఒక పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక్కో యంత్రాన్ని సాఫ్ట్‌వేరుతో వాటాలు వేసి ఇస్తారు. మన వాటా మనకు ఒక పూర్తి కంప్యూటరులాగే కనిపిస్తుంది. దానికి నెట్‌వర్క్ కార్డు కూడా ఉంటుంది, కాకపోతే చేత్తో ముట్టుకునే కార్డు కాదు, సాఫ్ట్‌వేరుతో కల్పించినది. దీన్నే ఎలాస్టిక్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసు అంటారు. 2011 డిసెంబరులో అమెజాన్ దీన్ని ప్రవేశపెట్టింది. ఇక్కడ నేను కార్డు అనే అంటాను.

ఈ కార్డును సర్వరుకు గుమ్మం అనుకోండి. గుమ్మం పక్కన పలక మీద నంబరుంటుంది, అది మ్యాక్ అడ్రసు. ఉత్తరాలొచ్చే చిరునామా ఉంటుంది, అది ఐపీ అడ్రసు. ఎవరిని రానివ్వాలో జాబితా పట్టుకున్న కాపలావాడుంటాడు, వాడి పేరు సెక్యూరిటీ గ్రూపు. మామూలు ఇంట్లో గుమ్మం గోడలో భాగం. ఈ వాటాల ఇంట్లో మాత్రం మొదటి గుమ్మం ఒక్కటే గోడతో పుట్టినది, దాన్ని ఊడదీయలేం. రెండోది మనం విడిగా చేయించుకుని బిగించుకోవచ్చు. సర్వరు నడుస్తుండగానే బిగించవచ్చు, ఆపి ఉన్నప్పుడూ బిగించవచ్చు, కొత్తగా పుట్టించేటప్పుడే జత చేయవచ్చు. తర్వాత ఊడదీసి ఇంకో సర్వరుకు పెడితే పలక, చిరునామా, కాపలావాడు అన్నీ దానితోపాటే వస్తాయి.

ఎన్ని గుమ్మాలు పెట్టవచ్చన్నది సర్వరు రకాన్ని బట్టి ఉంటుంది. టి3 మైక్రో అనే చిన్నదానికి రెండే, టి3 మీడియంకు మూడు. కార్డుకు విడిగా అద్దె లేదు. బయటి ప్రపంచానికి కనిపించే పబ్లిక్ చిరునామాకు మాత్రం 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు చొప్పున, అంటే నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు తీసుకుంటున్నారు. ఆ బిల్లు చూసి మా చిన్నాయన, "పలకకు కూడా అద్దేనా పాపా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

ఇది తెలిసే 2019లో నేను రెండో కార్డును విడిగా చేయించి, లైసెన్సును దాని నంబరు మీద తీసుకున్నాను. మా అదృష్టం, ఆ సాఫ్ట్‌వేరు ఏ కార్డు మీద నంబరు కనిపించినా ఒప్పుకునే రకం. విడిగా చేయించడంలో ఇంకో లాభముంది. సర్వరుతో పాటు పుట్టిన కార్డు సర్వరును తొలగిస్తే మామూలుగా దానితోనే పోతుంది. విడిగా చేసి తగిలించినది, మనం కోరితే తప్ప, మిగిలిపోతుంది. కార్డును ఒకసారి తొలగించామంటే మళ్ళీ అదే నంబరు ఇమ్మని అడిగే వీలు లేదు.

2024 మార్చి 30, శనివారం రాత్రి. మర్నాటితో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. సరిగ్గా ఆ రాత్రే నాకు సర్వరును శుభ్రం చేయాలన్న బుద్ధి పుట్టింది. లినక్స్‌ను కొత్త వెర్షనుకు మార్చబోయాను. అది మధ్యలో చతికిలబడింది. మళ్ళీ లేవలేదు. తప్పు పూర్తిగా నాదే. సంవత్సరాంతం రాత్రి అలాంటి పని ఎవరూ చేయరు.

పది గంటలకు చిన్నాయన ఫోను చేశాడు. "ఏం పాపా, బిల్లు రావడం లేదంటున్నాడు కుర్రాడు. రేపు ఆదివారమైనా అందరూ వస్తారు, బాకీలు తేల్చాలి." సర్దుతున్నానని చెప్పాను. వెనకనుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది, "దాన్ని అన్నమైనా తిననియ్యి" అని.

సాఫ్ట్‌వేరూ లెక్కలూ విడిగా రెండో డిస్కులో ఉన్నాయి, వాటికి దెబ్బ తగల్లేదు. కొత్త సర్వరు పుట్టించి, డిస్కూ కార్డూ అటు మారిస్తే చాలు. పాతదాన్ని ఆపి రెండూ ఊడదీశాను. కొత్తది పుట్టించి కార్డు తగిలించబోతే కుదరదని జవాబొచ్చింది. ఇవి రెండూ ఒకే మండలంలో లేవట.

ముంబయి కేంద్రం మూడు మండలాలుగా ఉంటుంది. ఒకచోట కరెంటు పోయినా, నీళ్ళొచ్చినా మిగతావి నడవాలని వేర్వేరుగా కట్టిన ఏర్పాటు అది. కార్డు ఏ మండలంలో పుట్టిందో అక్కడే ఉండాలి. డిస్కుకూ అంతే నియమం. గుమ్మం ఏ ఇంటికైనా మారుతుంది గానీ వీధి దాటదన్నమాట. నేను తొందరలో మండలం ఎంచుకోకుండా పుట్టించాను, అది పక్క వీధిలో పడింది. దాన్ని తీసేసి సరైన వీధిలో ఇంకొకటి పుట్టించాను. ఈసారి కార్డు తగులుకుంది. సాఫ్ట్‌వేరు నంబరు చూసింది, తెరుచుకుంది. పదకొండున్నరకు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. సర్వరు లోపల అంతా బాగుంది, దుకాణంలోని కంప్యూటర్లకు మాత్రం అందడం లేదు. అరగంట బుర్ర గోక్కున్నాక కారణం తట్టింది. సర్వరుకు రెండు గుమ్మాలున్నాయి కదా. దుకాణం నుంచి పిలుపు రెండో గుమ్మానికి వస్తోంది. సర్వరు జవాబును అలవాటు ప్రకారం మొదటి గుమ్మం గుండా పంపుతోంది. ఆ జవాబు మీద ఉన్నదేమో రెండో గుమ్మం చిరునామా. ఒక కార్డు గుండా దానిది కాని చిరునామాతో బయటికి పోయేదాన్ని అమెజాన్ తనిఖీ ఆపేస్తుంది. దొంగ చిరునామాలతో ఉత్తరాలు పోకుండా పెట్టిన ఏర్పాటది, తప్పు పట్టలేం.

దీనికి మందు సర్వరులో ఒక నియమం రాయడం. ఈ చిరునామాతో బయలుదేరే జవాబులు ఈ గుమ్మం గుండానే పోవాలని వేరే దారుల పట్టిక ఒకటి పెట్టాలి. అమెజాన్ వాళ్ళ సొంత లినక్స్‌లో ఇది దానంతటదే జరుగుతుంది. నేను వాడేదానిలో చేత్తో రాయాల్సి వచ్చింది. 2019లోనూ రాశాను, అవి పాత సర్వరు డిస్కులో ఉండిపోయాయి. కార్డుతో పలక వస్తుంది, చిరునామా వస్తుంది, కాపలావాడు వస్తాడు. ఇంటి లోపల ఎవరు ఏ తలుపు గుండా వెళ్ళాలన్న అలవాటు మాత్రం ఆ ఇంటిదే. నా నోటు పుస్తకంలో అప్పటి వరసలు దొరికాయి. ఒంటిగంటకు కుర్రాడి ఇంటి కంప్యూటరు నుంచి ఒక బిల్లు వచ్చింది. ఒక బేరింగు బిల్లు. ఆ కాగితాన్ని ఇంకా దాచుకున్నాను.

పబ్లిక్ చిరునామాను కూడా మొదటే ఎలాస్టిక్ ఐపీగా తీసుకుని ఆ కార్డుకే కట్టి ఉంచాను. అది కార్డు వెంటే వచ్చింది. అందువల్ల దుకాణంలో ఒక్క కంప్యూటరులోనూ ఏమీ మార్చే పని పడలేదు. దానంతటదే వచ్చే చిరునామాను నమ్ముకునే వాళ్ళకు ఒక మాట చెప్పాలి. రెండో కార్డు తగిలించిన సర్వరును ఆపి మళ్ళీ లేపితే ఆ చిరునామా పోతుంది, కొత్తది రాదు.

ఆదివారం సాయంత్రానికి బాకీలు తేలాయి. రాత్రి చిన్నాయన మళ్ళీ ఫోను. "హైదరాబాదులో కూడా వాళ్ళ కేంద్రం ఉందంట కదా పాపా. మన లెక్కలు అక్కడే పెట్టేయరాదా? మన భాష ఊళ్ళో ఉన్నట్టుంటుంది." నిజమే, 2022 నవంబరులో అక్కడా తెరిచారు. కానీ వీధి దాటని గుమ్మం ముంబయి నుంచి హైదరాబాదు ఎలా పోతుంది? పోదని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ఆ సాఫ్ట్‌వేరునే మార్చేద్దాం. ఎన్నాళ్ళని ఒక పలకను పట్టుకు వేళ్ళాడతాం" అన్నాడు.

ఆ జూన్ నుంచి పాత లెక్కలను ఒక్కో సంవత్సరం చొప్పున కాగితం మీదికి తీసి, కొత్త సాఫ్ట్‌వేరులోకి ఎక్కించడం మొదలుపెట్టాం. దుకాణం కుర్రాడు టైపు చేస్తాడు, చిన్నమ్మ పక్కన కూర్చుని సరిచూస్తుంది. అది పూర్తయ్యేదాకా ఆ కార్డును తొలగించవద్దని, దాని వివరణ గడిలో మా ఇంటి ఫోను నంబరుతో సహా రాసి పెట్టాను.