అరువదినాలుగవ గడి

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక వడ్లగింజయు, రెండవదానిలో రెండును, మూడవదానిలో నాలుగును, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు పోయినయెడల అరువదినాలుగు గడులకును ఎంత ధాన్యము పట్టునని, జూరాల కాలువల క్రింద వరి పండించు గద్వాల రైతునడిగినను, వనపర్తి మార్కెట్టు యార్డులో బస్తాలు మోయు హమాలీనడిగినను, 'ఒక పుట్టి' యనియో, మరి ఉదారుడైనచో 'వంద లారీలు' అనియో చెప్పును. లోకమంతయు నాలుగు శతాబ్దములు పండించినను చాలదని మనమన్నచో, పరిహాసమాడుచున్నామని తలచి వాదమునకు దిగును. మొదట విన్నప్పుడు నేనును నమ్మలేదు.

ఈ లెక్క తెలుగువానికి క్రొత్త గాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనుగు చేసిన పావులూరి మల్లన పేర ఒక పద్యము ప్రసిద్ధమై యున్నది. అందు చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, పర్వతములనగా ఏడు అను సంకేతములతో, ఒకట్ల స్థానము మొదలు ఎడమకు నడచుచు, ఈ మొత్తము యొక్క ఇరువది అంకెలును పేర్చబడినవి: 1,84,46,74,40,73,70,95,51,615. కంఠస్థము చేయుటకు ఇంతకన్న సులభోపాయము నాకు తోచదు. కంఠస్థమైనంతనే నమ్మకము కుదురునా యనునది వేరు మాట.

బుద్ధి ఎచ్చట జారునో చూతము. వేయి గింజలు 20 గ్రాములు తూగుననుకొన్నచో, మొదటి వరుసలోని 255 గింజలు 5 గ్రాములు. రెండవ వరుస ముగియునప్పటికి కిలోమీద మూడువందల గ్రాములు. మూడవది ముగియునప్పటికి 336 కిలోలు, అనగా నాలుగైదు బస్తాలు. సగము బల్ల నిండునప్పటికి సుమారు 86 టన్నులు. కోతల కాలమున అంత ధాన్యము యార్డుకు వచ్చుట వింత గాదు గావున, 'సగమునకింతయైనచో మొత్తమునకు దీనికి రెట్టింపో, పదింతలో' యని మనస్సు నిశ్చయించుకొనును. కాని ప్రతి గడియందును దాని ముందున్న గడులన్నిటి మొత్తముకన్న ఒక గింజ యధికముగా నుండును. ముప్పదిమూడవ గడి యొక్కటియే మొదటి సగమును మించును, తుది గడి తక్కిన అరువదిమూటిని మించును. మొత్తము 36,900 కోట్ల టన్నులు. ప్రపంచము ఏటేట పండించు వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు మాత్రమే. బస్తా మీద బస్తా పేర్చుచు బ్రదికిన కన్ను కూడికను చూచును గాని రెట్టింపును చూడదు.

చూడదనుట పూర్తిగా నిజము గాదు, అప్పుపత్రమందు చూచును. నాగర్‌కర్నూలు వైపు పల్లిచేను పెట్టుబడికై నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి పదివేలు తెచ్చిన రైతు, పదేండ్లకు మిత్తి 36,000, అసలుతో 46,000 అని వ్రేళ్ల మీద లెక్కించుననుకొందము. ఏటేట నోటు తిరగవ్రాయించుచు మిత్తిని అసలులో కలుపుచు వచ్చిన సాహుకారు 2,16,466 చూపును. మోసమని ఒకడును, మొండితనమని మరొకడును కేకలు వేయుదురు గాని, ఇరువురి గుణకారమునందును తప్పు లేదు. 'నూటికి మూడు' అను మాటలో ఆ నూరు ఏదో చెప్పబడలేదు: మొదట పుచ్చుకొన్న నూరా, నిరుడు పెరిగిన నూరా? అందుకే పంచాయతీకి కూర్చున్న పెద్దమనుష్యులు లెక్క చెప్పుమనుటకు ముందు పాతనోట్లు తెమ్మందురు.