బూజు పట్టిన దాణా, బిడ్డ తాగే పాలు

పాలు బాగా కాచి తాగితే ఏ దోషమూ ఉండదని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. సూక్ష్మక్రిముల మట్టుకు అది నిజమే. కానీ కాచినా పోని దోషం ఒకటుంది. అది పాలలో పుట్టేది కాదు, బర్రె తినే దాణాలో పుట్టేది.

వానకు తడిసిన మక్కలు, ముక్కిపోయిన పల్లిచెక్క మనం తినము. పారేయడానికి మనసొప్పదు. "బర్రెకు పెడదాంలే" అంటాము. చెమటోడ్చి పండించిన పంట కదా, ఆ మాట అన్నవారిని మేము తప్పుపట్టము. అయితే వాటిమీద పెరిగే పచ్చని బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. బర్రె కాలేయం ఆ విషాన్ని కొంత మార్చి పాలలోకి వదులుతుంది. అలా వచ్చేది తిన్నదానిలో నూటికి ఒకటి రెండు పాళ్ళే, కానీ మరునాటికే పాలలో కనిపిస్తుంది. కాచినా, తోడుపెట్టినా పోదు.

అసలు ఈ విషం బయటపడిందే దాణా మూలంగా. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు చనిపోతే, బ్రెజిల్ నుండి తెప్పించిన వేరుశనగ చెక్క కారణమని తేలింది. 1985లో మన వరంగల్ చుట్టుపక్కల కోళ్ళ ఫారాల్లో బూజు పట్టిన మొక్కజొన్న వల్ల గుడ్ల దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. మనుషుల సంగతి ఇంకా బాధాకరం. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో అకాల వర్షానికి తడిసిన మొక్కజొన్న తిని, కామెర్లు కమ్మి, వందమందికి పైగా మరణించారు. వారి తిండి పంచుకున్న కుక్కలూ బ్రతకలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పరిశోధించారు.

పాలలో అంత మోతాదు ఉండదు. కంగారుపడి పిల్లలకు పాలు మానిపించవద్దు. కాకపోతే ఈ విషం కొద్దికొద్దిగా ఏళ్ళతరబడి ఒంట్లోకి చేరితే కాలేయ క్యాన్సరుకు దారి తీయవచ్చు. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు. ఒంటి బరువుతో చూస్తే మనందరికంటే ఎక్కువ పాలు తాగేది పసిబిడ్డలే.

మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు వెయ్యి లీటర్ల పాలకు సుమారు అర మిల్లీగ్రాము. 2018లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ దేశమంతటా 6,432 నమూనాలు పరీక్షించగా, 368 ఆ హద్దు దాటాయి. ప్యాకెట్ పాలు కొంటున్నాం గదా అని నిశ్చింతగా ఉండేవారు వినాలి: విడిపాలకంటే వాటిలోనే ఇది ఎక్కువగా కనిపించింది. పది ఊళ్ళ పాలు ఒక్కచోట కలిసినప్పుడు ఎవరి దాణా ఎలాంటిదో ఎవరికి తెలుసు?

సంతోషించవలసిన మాట కూడా ఉంది. చెడిన దాణా ఆపేస్తే నాలుగైదు రోజుల్లో పాలు దాదాపు శుభ్రపడతాయి. మందులు అక్కరలేదు. మక్కలు, పల్లికాయ బాగా ఎండిన తరువాతే బస్తాకెత్తండి. బస్తాలను నేలమీద గాక చెక్కబల్లల మీద, గోడకు ఎడంగా ఉంచండి. చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి, ముక్కువాసన వస్తే తిరిగి ఇచ్చేయండి. బూజు దులిపి, కడిగి, ఎండబెట్టి పెడితే చాలుననుకోవద్దు, విషం గింజలోపలికి దిగి ఉంటుంది. అలాంటి బస్తాను కోళ్ళకూ వేయకండి, గుంట తీసి పూడ్చండి. ఇంట్లో ఎవరికైనా హెపటైటిస్-బి ఉంటే మిగతావారంతా రక్తపరీక్ష చేయించుకోండి. సోకనివారికి టీకా ఉంది.