యంత్రగురువునొద్ద సైబరు రక్షణవిద్య

ఇంటికి తాళము వేయుట, నగలపెట్టె తాళపుచెవి దాచుట, తలుపు తట్టినవాడెవడో కిటికీనుండి చూచి గడియ తీయుట మన స్త్రీలకొకరు నేర్పవలసిన విద్యలు కావు. కాని నేడు గృహమునందలి ధనములో హెచ్చుభాగము చేతిలోని ఫోనులోనికి చేరినది. ఆ వాకిటికి గడియ యెక్కడనున్నదో మనలో ననేకులెరుగరు. ఇంటిలోని పురుషుల నడుగుదమన్నచో, వారు ఆఫీసులకు పోయిన వేళనే మోసగాండ్ర పిలుపు వచ్చును. పోలీసు దుస్తులతో వీడియోలో ప్రత్యక్షమై, "మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచి కదలరాదు, ఎవరితోను చెప్పరాదు" అని బెదరించి, జీవితకాలము కూడబెట్టిన సొమ్మును వారు లాగుకొనుచున్నారు. చట్టములో నట్టి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27వ తేదీని ప్రధానమంత్రి నరేంద్రమోదీగారు తమ రేడియో ప్రసంగమున ప్రజలకు తెలుపవలసివచ్చెను.

ఈ రక్షణవిద్యను మన సోదరీమణులు స్వయముగా నేర్చుకొనవలెననియు, అందులకు ఏఐ యని పిలువబడు కృత్రిమమేధ మంచి సాధనమనియు మా యభిప్రాయము. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు జెమినీ, పర్‌ప్లెక్సిటీ మున్నగునవి యొకదానివెంట నొకటి వచ్చినవి. తెలుగున నడిగిన తెలుగుననే చెప్పును. ఒకే ప్రశ్న పదిమార్లడిగినను విసుగుకొనవు. ఇంతమాత్రము తెలియదా యని నవ్వవు. ఆ నవ్వునకు జంకియే కదా మనలో పెక్కుమంది యడుగుట మానుకొన్నది!

అయితే అడుగుటయందే నేర్పున్నది. "సైబరు భద్రత నేర్పుము" అన్నచో యంత్రము పురాణము విప్పును. పురాణము ముగియునప్పటికి మనకు నిద్ర వచ్చును. అట్లుగాక, "బ్యాంకు పంపినట్లున్న ఈ లింకులో అసలు యజమాని పేరెక్కడ నుండును?" అని యొక్క సంగతి పట్టుకొని అడుగవలెను. అప్పుడది చెప్పు కీలకమిది: ఆరంభములోని జంటగీతల తరువాత వచ్చు తొలి ఒంటిగీత వరకు చూచి, అచ్చటనుండి వెనుకకు, కుడినుండి యెడమకు చదువవలెను. చివరనున్న పేరే యజమానిది. ముందున్న పేర్లెవరైనను పెట్టుకొనవచ్చును. కరణముగారి పేరు చెప్పుకొని వచ్చినవాడెల్ల కరణముగారి మనిషి యగునా? ఇంతటితో విడువక, "మంచివి, చెడ్డవి కలిపి పది చిరునామాలు కల్పించి నన్ను పరీక్షింపుము, నేను చెప్పువరకు జవాబు చెప్పవలదు" అని అడుగవలెను. వినిన పాఠము కంటె ఈ పరీక్షలవలననే బుద్ధి పదునెక్కును.

ఈ చిరునామాల విషయముననే యంత్రగురువు లోపమును బయటపడును. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31వ తేదీలోపల తమ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అను కొత్త తోకకు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిలులో ఆదేశించెను. ఆ తోక బ్యాంకులకు మాత్రమే యీయబడును. యంత్రము చదివిన చదువు అంతకు ముందటిదైనచో పాత చిరునామానే సరియైనదని నిబ్బరముగా చెప్పును. నిరుటి పంచాంగము చూచి నేటి తిథి చెప్పినట్లుండును! కావున "ఇప్పుడు వెదకి, ఆధారము చూపి చెప్పుము" అని యడిగి, అది చూపిన పుటను తెరచి మనము చదువవలెను. మరియొక మాట: ఆ తోక చిరునామా నడుమ కనబడినంతమాత్రమున నమ్మరాదు. దాని తరువాత ఒంటిగీత యైన రావలెను, చిరునామాయైన ముగియవలెను. దానివెనుక ఇంకొక చుక్కయు పేరును వచ్చినచో అది దొంగవాకిలి.

లేనిదానిని ఉన్నట్లు కల్పించుటయు దీనికి కలదు. న్యూయార్కున ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను పరిశీలింపక న్యాయస్థానమున దాఖలుచేయగా, 2023 జూనులో న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించెను. చదువరులైన వకీళ్లకే యిట్లు జరిగినది. బ్యాంకువారి ఫోను నంబరు నేనాటికిని యంత్రము నడుగరాదు. కార్డు వెనుకను, పాసుపుస్తకముమీదను ఉన్నదే చాలును. ఓటీపీ, పిన్ను, ఆధారు సంఖ్య దానికి చెప్పనేకూడదు. అనుమానపు సందేశమును చూపదలచినచో మన పేరు, అంకెలు కొట్టివేసి చూపవలెను. ఇక సొమ్ము పోయినపిమ్మట యంత్రముతో ముచ్చటించుచు కూర్చుండుట కంటె అవివేకము లేదు. తక్షణమే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్మును మార్గమధ్యమున నాపుట కంత యవకాశము.

స్వరక్షణతో తృప్తిపడక, దీనినొక వృత్తిగా నేర్వగోరు సోదరీమణులును కలరు. గణితము రాదని వారు వెనుదీయనక్కరలేదు. అమెరికాలో ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ అను నామె కళాశాలలో చదివినది ఆంగ్లసాహిత్యము. 1916లో గూఢలిపుల పని కుదిరి, తరువాత దొంగసారా రవాణా ముఠాల రహస్యసందేశములను విప్పి న్యాయస్థానములలో సాక్ష్యమిచ్చెను. అక్షరమును ఓపికతో చూచుటయే ఆమె మూలధనము.

అభ్యాసమునకు 'ఓవర్ ది వైర్' వారి 'బాండిట్' అను ఆట మంచిదని మాకు తోచినది. ఇందు లినక్సు ఆజ్ఞలతో ఒక్కొక్క మెట్టున దాచిన సంకేతపదమును కనుగొన్నగాని తరువాతి మెట్టు తెరువబడదు. తోచనప్పుడు "జవాబు వలదు, సూచన మాత్రము చెప్పుము" అని యంత్రము నడుగవలెను. జవాబే తీసుకొన్నచో ఆట ముగియునుగాని విద్య రాదు. నేర్చినదానిని పొరుగువారి వైఫైపైనను, బంధువుల ఫోనులపైనను ప్రయోగింపరాదు. అనుమతిలేక దురుద్దేశముతో పరుల యంత్రములలో చొచ్చుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66వ విభాగము ననుసరించి మూడేండ్ల వరకు జైలు, లేక అయిదు లక్షల వరకు జరిమానా, లేక రెండును విధింపదగిన నేరము. ఆ ఆట యాడుటకు మాత్రము వారే అనుమతి నిచ్చియున్నారు. ఖర్చు లేదు, పాత కంప్యూటరు చాలును. మధ్యాహ్నము పనులు తీరి, పిల్లలు బడినుండి వచ్చులోపల ఒకటి రెండు మెట్లెక్కవచ్చును.