బాడుగ కారు: ఇంధనపు ఆదాకు తొలిమెట్టు

అప్పుపై కారు కొని బాడుగకు తిప్పే రుణగ్రహీతలకు వాయిదా సొమ్ము మిగలడం చాలావరకు ఇంధన వ్యయంపైనే ఆధారపడి ఉంటుంది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్లు కావాలి; 16.5 ఇస్తే 91 లీటర్లు చాలు. లీటరు నూరు రూపాయలనుకున్నా 900 రూపాయల ఆదా.

ముందుగా చూడవలసినది టైర్లలో గాలి. గాలి తగ్గిన టైరు రోడ్డుపై నలిగి వేడెక్కుతుంది. ఆ వేడి మనం కొన్న ఇంధనమే. పక్షానికొకసారి, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగానే, తయారీదారు సూచించిన మేరకు నింపించాలి. వేగం 80 నుండి 50కి తగ్గిస్తే ఎదురుగాలి నిరోధం సగానికన్నా తక్కువవుతుంది. ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతాల వలన ప్రయోజనం లేదు. డీలర్లు వాటిని అంటగట్టకుండుట మేలు. ఆ సొమ్ముతో గాలి కొలిచే గేజి వస్తుంది.

ఫలితం తెలియాలంటే ట్యాంకు నిండా పోయించి, మీటరు రీడింగు వ్రాసుకోవాలి. మరల నిండా పోయించినప్పుడు, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి.