విడువని వాంతులు - గంజాయి తెచ్చే ముప్పు

వాంతిని ఆయుర్వేదం ‘ఛర్ది’ అంటుంది. వాత, పిత్త, కఫ దోషాల వలన ఒక్కొక్కటి, మూడు దోషాలూ కలిసి ప్రకోపించినందువలన ఒకటి, మనసుకు సరిపడని పదార్థాల సంపర్కం వలన ఒకటి - ఈ విధంగా చరకుడు ఛర్దిని అయిదు రకాలుగా విభజించాడు. అజీర్తి వలన కలిగే వాంతి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి తిరగబెట్టి, ఏ ఔషధానికీ లొంగని వాంతి విషయంలో మాత్రం మూలకారణాన్ని వెదకక తప్పదు. అటువంటి కారణాలలో నేడు మన పల్లెల్లోనూ కనిపిస్తున్నది గంజాయి.

పాల్కురికి సోమనాథుని పుట్టినూరుగా పేరుపొందిన పాలకుర్తిలో నేను వైద్యం చేస్తున్నాను. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఈ ఊరు 2016లో జనగామ జిల్లాలో చేరింది. ఇరవై అయిదేళ్ల యువకుని ఒక తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. “సారూ, బువ్వ ముడితే కక్కుడే. పొద్దుందాక వేడినీళ్లు పోసుకుంటనే ఉంటడు. గాలి సోకిందంటున్నరు” అన్నది. అప్పటికి రెండేళ్లుగా ఎన్నో పరీక్షలు జరిగాయి. ఎకరం పొలం అమ్ముడుపోయింది. పరీక్షలలో ఏ దోషమూ తేలలేదు.

వేడినీటి గుర్తు

వేడినీటి మాట వినగానే తల్లిని బయట కూర్చోబెట్టి అతనిని విడిగా ప్రశ్నించాను. ఎనిమిదేళ్లుగా దాదాపు ప్రతిదినం గంజాయి పీలుస్తున్నట్లు చెప్పాడు. “శివుని మూలికే కద సారూ, ఏం జేస్తది?” అన్నాడు.

ఈ వ్యాధిని 2004లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ప్రాంత వైద్యులు తొలిసారిగా వర్ణించారు. ఏళ్ల తరబడి తరచుగా గంజాయి సేవించేవారిలో ఇది కలుగుతుంది. మొదట ఉదయం పూట వికారం, కడుపులో అసౌఖ్యం ఉంటాయి. పిమ్మట గంటకు పలుమార్లు వాంతులు, కడుపునొప్పి వస్తాయి. వేడినీటి స్నానంతో కొంత ఉపశమనం లభిస్తుంది. అందువలన రోగి గంటల తరబడి స్నానాల గదిని విడువడు.

గంజాయిలోని సారం సాధారణంగా వాంతిని అణచేదే. కేన్సర్ మందుల వలన కలిగే వాంతులకు ఆ సారానికి కృత్రిమ రూపమైన ఔషధాన్ని అమెరికా 1985లో అనుమతించింది. అయితే అతిగా, చిరకాలం వాడితే అదే జీర్ణకోశపు కదలికను, మెదడులోని వాంతి నియంత్రణను తారుమారు చేస్తుందని వైద్యులు భావిస్తున్నారు. వాంతి తగ్గుతుందని మరికొంత పీల్చే రోగి వ్యాధిని మరింత పెంచుకుంటాడు.

శాస్త్రం ఏమంటుంది?

గంజాయి మొక్కకు సంస్కృతంలో విజయ, భంగ అని పేర్లు. జీర్ణం కాకమునుపే శరీరమంతా వ్యాపించే ‘వ్యవాయి’ ద్రవ్యానికి శార్ఙ్గధరుడు దీనిని నల్లమందుతో పాటు ఉదాహరణగా చూపాడు. రసతరంగిణి దీనిని ఉపవిషాలలో చేర్చింది. శోధన చేసి, మితమైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన ద్రవ్యం ఇది. చిలుములో నింపి పీల్చడానికీ, ఔషధానికీ పోలికే లేదు.

చికిత్స

వ్యాధి కారణాన్ని తొలగించడమే తొలి చికిత్స. దీనినే ‘నిదాన పరివర్జనం’ అంటారు. ఈ వ్యాధికి శాశ్వత పరిష్కారం గంజాయిని పూర్తిగా మానడమే. దాని సారం కొవ్వులో నిలిచి ఉండి నెమ్మదిగా వెలువడుతుంది. కనుక మానిన వెంటనే గుణం కనిపించలేదని నిరాశ చెందరాదు. ఈ యువకుడు మానిన మూడు వారాలకు కడుపునిండా తినగలిగాడు. అయిదు నెలల తరువాత మిత్రుల బలవంతంతో తిరిగి మొదలుపెట్టగా, వాంతులు మళ్లీ వచ్చాయి. ఆ అనుభవంతో అతనికి నమ్మకం కుదిరింది. ఏడాదిగా దానిని ముట్టడంలేదు.

వాంతులు తక్కువగా ఉన్నప్పుడు ఇంట్లో ఈ జాగ్రత్తలు పాటించవచ్చు:

1. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి, చెంచా చెంచాగా తరచు తాగించాలి.

2. వరి పేలాలతో కాచిన పలుచని జావ ఇవ్వాలి. ఛర్దికి ఇది ప్రశస్తమైన పథ్యం.

3. స్నానపు నీరు గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడినీటితో చర్మం కాలుతుంది, స్పృహ తప్పవచ్చు.

4. మిరపలోని కారపు గుణంతో చేసిన మలామును ఆసుపత్రులలో పొట్టపై రాస్తున్నారు. ఇంట్లో మిరపకాయలు నూరి పూయరాదు.

హెచ్చరిక

మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం కనిపించినా, నీరు కూడా నిలవకపోయినా గృహచికిత్సలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తరలించాలి. నీరు, లవణాలు క్షీణించి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ వ్యాధితో మరణాలు కూడా నమోదయ్యాయి. గంజాయి అలవాటును అక్కడి వైద్యునికి దాచకుండా చెప్పాలి. లేనిచో అనవసరమైన పరీక్షలు, శస్త్రచికిత్సలు జరిగే ప్రమాదముంది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి కుటుంబాలు ఈ విషయాన్ని దాస్తున్నాయి. స్వల్ప పరిమాణపు కేసులలోని వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేస్తే, అదే చట్టంలోని 64-ఎ సెక్షన్ వారికి విచారణ నుండి రక్షణ కల్పిస్తుంది. వ్యసన విముక్తికి ఉచిత జాతీయ సహాయ కేంద్రం సంఖ్య 14446.

బిడ్డ తరచుగా వాంతులతో బాధపడుతూ వేడినీటిని విడువకుంటే తల్లిదండ్రులు నిందించక, నెమ్మదిగా కారణం అడగాలి. భయం లేనిచోటనే రోగి నిజం చెబుతాడు.