తాళము వేసిన నాదము

నడిగూడెపు కోటలో కొలువుండిన మునగాల సంస్థానాధిపతి నాయని వేంకటరంగారావుగారికి దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, 1906లో మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినప్పుడు, పరభాషలలో చిక్కువడియున్న శాస్త్రజ్ఞానమును తెలుగు గృహస్థుని వాకిటికి తెచ్చుటయే వారి సంకల్పము. అందుకు సరిగా విపర్యస్తమైన సంకల్పము కొన్ని యంత్రముల పుట్టుకలో కనబడును. వానిలో సూపర్ ఆడియో సీడీ యనునది మిక్కిలి విచిత్రమైనది.

1982లో విపణికెక్కిన సీడీకి తాళము లేదు. ధ్వనితరంగమును సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయు నా బిళ్ళలోని సమాచారము నాటి ఇంటి కంప్యూటరులో పట్టనే పట్టదు గనుక, నకలు భయము తయారీదారులకు కలుగలేదు. పిమ్మట సీడీలను వ్రాయు డ్రైవులును, పాటను పదింట ఒక పాలుగా కుదించు ఎంపీ3యు ఇంటింట ప్రవేశింపగా, ఆ భయము ఒక్కపెట్టున పుట్టి, సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1999లో తెచ్చిన క్రొత్త బిళ్ళను గర్భస్థదశయందే ఆవహించెను.

ఇందు కొలత ఒక్క బిట్టే. కాని సెకనుకు 28,22,400 మారులు, అనగా సీడీకి సరిగా 64 రెట్ల వేగమున తీయబడును. పెక్కు బిళ్ళలకు రెండు పొరలుండును: అడుగు ముఖము నుండి 0.6 మిల్లీమీటర్ల లోతున సూక్ష్మనాదపు పొర, 1.2 మిల్లీమీటర్ల లోతున సాధారణ సీడీ పొర. 650 నానోమీటర్ల ఎఱ్ఱని లేజరు మొదటి పొరయందే ప్రతిఫలించును. సీడీ ప్లేయరులోని 780 నానోమీటర్ల పరారుణ లేజరు దానిని దాటి రెండవ పొరను చేరును. తాళము కేవలము సంఖ్యలలో నుండినచో ఎవడైన గణితజ్ఞుడు విప్పగలడని యెంచి, నిర్మాతలు దానిని పదార్థమునందే దాచిరి. మాతృకను చెక్కునప్పుడు లేజరు శక్తిని అత్యల్పముగా హెచ్చుతగ్గులు చేసి, గుంటల వెడల్పులో సూక్ష్మభేదములు కల్పించి, వానిలో రహస్యసంజ్ఞను నిక్షేపించిరి. కంప్యూటరు డ్రైవు గుంటల పొడవును చదువునే గాని వెడల్పును లెక్కింపదు. కావున సూక్ష్మనాదము దానికి అందక, సీడీ పొర మాత్రమే వినవచ్చును. ఆ సీడీ పొరకు తాళమే లేదు! కోట సింహద్వారము బార్లా తెరచి, మేడమీది గదికి ఏడు గడియలు బిగించిన చందమిది.

2000లో వచ్చిన పోటీబిళ్ళ డీవీడీ ఆడియో (24 బిట్లు, సెకనుకు 1,92,000 కొలతలు) కంప్యూటరునందు పాడుటకు అనుమతి నిచ్చి, ఆ యనుమతి చేతనే చెడెను. తాళమును ఎవరును బ్రద్దలు చేయనక్కఱలేకపోయినది. అనుమతి పొందిన ప్రోగ్రామే తాళము తీసిన తరువాత బయల్పడు నాదమును 2005లో కొందరు మధ్యమార్గమున పట్టుకొనిరి. సూపర్ ఆడియో సీడీ మరికొన్నేండ్లు నిలిచెను. దానిని పడగొట్టినది పరాయివాడు కాదు, సోనీవారి ఆటయంత్రమే. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 తొలి నమూనాలు ఈ బిళ్ళను పాడగలిగెడివి. వానిలోని రక్షణలు సడలిన పిదప, 2011లో ఆ యంత్రము చేతనే బిళ్ళలోని నాదమును ఫైళ్ళుగా వెలికి తీసిరి. మన దేశమున 2012 నాటి కాపీరైటు సవరణ ఇట్టి తాళములను హక్కుల నతిక్రమించు నుద్దేశముతో తప్పించుటకు రెండేండ్ల వరకు కారాగారము విధించినది. చట్టము నిషేధింపని ప్రయోజనముల కొఱకు చేయుదానిని మినహాయించుట దాని వివేకము.

ఇంతకును లోపల దాచిన ధనమెంత? 2007లో మేయర్, మోరన్ అను పరిశోధకులు ఇట్టి బిళ్ళల నాదమును ఒకమారు యథాతథముగాను, ఒకమారు సీడీ ప్రమాణమునకు దింపియు వినిపింపగా, 554 పరీక్షలలో శ్రోతలు సరిగా గుర్తించినవి 276, అనగా బొమ్మాబొరుసుతో సమానము. వారు వాడిన బిళ్ళల మూలములపై ఆక్షేపణలు వచ్చినమాట నిజమే. ఐనను ఆ యంకె తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. చెవికి తోచీతోచని భేదమునకు ఇంతటి కాపలా పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుండి పాట వినుట కలవాటుపడిన తరమును దూరము చేసికొనుట వ్యాపారదృష్టితో చూచినను తెలివి గాదని నా యభిప్రాయము. బిళ్ళ పూర్తిగా చావలేదు. జపానులోను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత ప్రకాశకులలోను నేటికిని అచ్చగుచున్నది. నాదము మాత్రము వేఱుదారి పట్టినది: అదే 28,22,400 కొలతల ధ్వనిని తాళము లేని ఫైళ్ళుగా పెక్కు సంస్థలు బాహాటముగా విక్రయించుచున్నవి.